రేడియో తరంగాలు చొరబడని తీగల పెట్టె కట్టుకోవడం ఎలా?

నేను కట్టిన మొదటి పెట్టె చూడటానికి ముచ్చటగా ఉండేది. సన్నని ఇత్తడి జాలీ, నున్నగా చిత్రిక పట్టిన చెక్క చట్రం, రెండు చిన్న కీళ్లతో మూత. లోపల ఫోను పెట్టి మూత వేసి మరో ఫోనుతో పిలిచాను. మోగింది. జాలీ కళ్లు పెద్దవేమోనని ఇంకో పొర చుట్టాను. మళ్లీ మోగింది. తప్పు జాలీది కాదని తెలుసుకోవడానికి చాలా రోజులు పట్టింది. కీళ్ల వైపు మూతకూ పెట్టెకూ మధ్య సన్నని సందు ఉండిపోయింది. మందం వెంట్రుకంత, పొడవు మాత్రం జానెడు. రేడియో తరంగానికి ఆ జానెడు చాలు.

జాలీ అనగానే మనకు ఇసుక జల్లెడ గుర్తొస్తుంది. కన్ను చిన్నదైతే ఆగుతుంది, పెద్దదైతే జారిపోతుంది అనుకుంటాం. తరంగం ఇసుక రేణువు కాదు. అది తీగను తాకినప్పుడు తీగలోని ఎలక్ట్రాన్లను అటూ ఇటూ ఊపుతుంది. అలా పుట్టిన కరెంటు తన వంతుగా మరో తరంగాన్ని వెదజల్లుతుంది. జాలీ వెనక వైపున ఈ కొత్త తరంగం, వచ్చిన తరంగానికి ఎదురు తిరిగి దాన్ని చాలావరకు రద్దు చేస్తుంది. ముందు వైపున అదే ప్రతిఫలనంగా వెనక్కి పోతుంది. అంటే ఆపుతున్నది తీగ కాదు, తీగలో పారే కరెంటు. కరెంటు దారి ఎక్కడ తెగితే అక్కడ కవచం చిల్లు పడ్డట్టే. పెట్టె కడుతున్నంతసేపూ ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి, సగం తప్పులు జరగవు.

ఇలాంటి లోహపు కవచాన్ని ఫారడే పంజరం అంటారు. ఇక్కడ చెప్పేది సుమారు 40 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 30 ఎత్తు ఉన్న పెట్టె గురించి. వైఫై, బ్లూటూత్ పరికరాలను బయటి గోల లేకుండా పరీక్షించుకోవడానికి ఈ కొలత సరిపోతుంది. రేకు పెట్టె ఇంతకంటే బాగా ఆపుతుంది, అందులో సందేహం లేదు. కానీ జాలీలోంచి లోపలి పరికరం తెర కనిపిస్తుంది, గాలి ఆడుతుంది, పెట్టె తేలిగ్గా ఉంటుంది.

1. ఏ తరంగాన్ని ఆపాలో ముందు తేల్చుకోండి

తరంగదైర్ఘ్యం తెలియకుండా జాలీ కొనడం, కొలత తీయకుండా బట్ట కత్తిరించడం ఒకటే. లెక్క చాలా సులువు: 300ను మెగాహెర్ట్జ్‌లలో ఉన్న పౌనఃపున్యంతో భాగిస్తే తరంగదైర్ఘ్యం మీటర్లలో వస్తుంది. ఎఫ్ఎం రేడియో 100 మెగాహెర్ట్జ్ దగ్గర ఉంటుంది, అంటే 3 మీటర్లు. వైఫై 2400 దగ్గర, అంటే 12.5 సెంటీమీటర్లు. వైఫైలోనే 5 గిగాహెర్ట్జ్ పట్టీకి 6 సెంటీమీటర్లు. వీటిలో అన్నిటికంటే పొట్టి తరంగాన్ని లెక్కలోకి తీసుకోండి. దాన్ని ఆపగలిగే జాలీ, పొడుగు తరంగాలను ఇంకా బాగా ఆపుతుంది.

మరో మాట. ఎంత ఆపాలో కూడా ఇప్పుడే అనుకోండి. కొలమానం డెసిబెల్. 20 డెసిబెల్‌లు తగ్గించామంటే శక్తిలో నూరో వంతు మిగిలిందని అర్థం. 40 అంటే పదివేలలో ఒక వంతు. 60 అంటే పది లక్షల్లో ఒక వంతు. పక్కింటి వైఫై గొడవ తగ్గడానికి 30 చాలు. ఫోను మోగకుండా చేయడానికి 60 వేసినా చాలకపోవచ్చు, ఎందుకో చివర్లో తెలుస్తుంది.

2. జాలీని కాగితం మీద పరీక్షించండి

దుకాణంలో జాలీ చూసి వేలితో కన్ను కొలిచి నిర్ణయించేవాళ్లే ఎక్కువ. కంటి వెడల్పు ఎంత ముఖ్యమో తీగ మందం కూడా అంతే ముఖ్యమన్న సంగతి చాలామందికి తట్టదు. నాకూ తట్టలేదు. దీనికి పనికొచ్చే ఒక సూత్రం ఉంది, మాటల్లోనే చెబుతాను.

తీగకూ తీగకూ మధ్య దూరాన్ని తరంగదైర్ఘ్యంతో భాగించండి. వచ్చినదాన్ని రెండుతో గుణించండి. ఇక అదే దూరాన్ని తీగ చుట్టుకొలతతో భాగించి, ఫలితానికి సహజ సంవర్గమానం తీయండి; ఫోనులోని కాలిక్యులేటర్‌లో దానికి ln అనే మీట ఉంటుంది. ఈ రెండు సంఖ్యలనూ గుణిస్తే, జాలీని దాటి లోపలికి వచ్చే విద్యుత్ క్షేత్రం బయటిదాంట్లో ఎన్నో వంతో తెలుస్తుంది. దూరం అంటే ఒక తీగ మధ్య నుంచి పక్క తీగ మధ్య వరకు. జవాబు 0.3 కంటే తక్కువ ఉన్నంతవరకు ఈ లెక్కను నమ్మవచ్చు.

సెంటీమీటరు దూరంలో 1 మిల్లీమీటరు మందం ఉన్న తీగలు తీసుకుందాం. వైఫైకి 1ని 12.5తో భాగిస్తే 0.08, రెండింతలు 0.16. తీగ చుట్టుకొలత 3.14 మిల్లీమీటర్లు, 10ని దానితో భాగిస్తే 3.18, సంవర్గమానం 1.16. గుణిస్తే సుమారు 0.185. శక్తి ఈ సంఖ్య వర్గాన్ని బట్టి ఉంటుంది కనుక డెసిబెల్‌లలో ఇది 15కు దగ్గర. ఇప్పుడు దూరం మార్చకుండా తీగను మాత్రం 0.1 మిల్లీమీటరుకు సన్నం చేయండి. లెక్క 0.55కు ఎగబాకుతుంది. సూత్రం నమ్మకంగా పనిచేసే హద్దు దాటింది కనుక సవరించి చూస్తే కవచం 6 డెసిబెల్‌లకు పడిపోతుంది. కన్ను అదే, జల్లెడ అదే! లోపలికి వచ్చే శక్తి మాత్రం ఏడు రెట్లకు పైగా పెరిగింది.

సన్నని తీగ ఎందుకు చేతకానిదవుతుంది? కరెంటు మారుతున్న కొద్దీ తీగ దాన్ని అడ్డుకుంటుంది. తీగ సన్నబడితే ఆ అడ్డంకి, అంటే ఇండక్టెన్స్, పెరుగుతుంది. రద్దు చేయడానికి కావలసినంత కరెంటు పారదు. తీగను మరీ లావు చేస్తే, చుట్టుకొలత తీగల మధ్య దూరానికి సమానమైనచోట సూత్రం సున్నా చూపిస్తుంది. అక్కడ తరంగం పూర్తిగా ఆగిందని కాదు, సూత్రం చేతులెత్తేసిందని అర్థం.

పెట్టెకు నేను వాడేది 1.5 మిల్లీమీటర్ల దూరంలో పావు మిల్లీమీటరు తీగలు అల్లిన జాలీ. ఇదే లెక్క వేస్తే వైఫై 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర 36 డెసిబెల్‌లు, 5 గిగాహెర్ట్జ్ దగ్గర సుమారు 30 వస్తాయి. ఎఫ్ఎం దగ్గర 60 దాటుతుంది. పౌనఃపున్యం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్‌లు పోతాయని గుర్తుపెట్టుకుంటే మళ్లీ లెక్క వేయనవసరం లేదు.

ఈ విషయంలో తడబడింది మనమే కాదు. అమెరికా భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ తన భౌతికశాస్త్ర పాఠాల్లో, తీగల వరసకు కొంచెం దూరం జరిగితే చాలు, క్షేత్రం అత్యంత వేగంగా క్షీణిస్తుందని వివరించాడు. తీగ తీగకూ మారే హెచ్చుతగ్గుల విషయంలో అది నిజమే. తీగల మధ్య దూరమంత లోపలికి వెళ్లేసరికి అవి ఐదువందల్లో ఒక వంతుకు పడిపోతాయి. కానీ అన్ని కళ్లలోంచీ కలిసికట్టుగా వచ్చే సగటు క్షేత్రం ఆ వాదనలోకి రాలేదు. 2015లో ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన చాప్‌మన్, హ్యూయెట్, ట్రెఫెథెన్ అనే గణిత శాస్త్రజ్ఞులు ఈ లెక్కను మళ్లీ తవ్వి, కారే క్షేత్రం దాదాపు తీగల మధ్య దూరానికి అనుపాతంలో ఉంటుందనీ, తీగలు మరీ సన్నమైతే పంజరం పేరుకే మిగులుతుందనీ చూపించారు. ఆంగ్ల శాస్త్రవేత్త మైకేల్ ఫారడే తన పంజరాన్ని చూపించింది 1836లో. 179 ఏళ్ల తర్వాత కూడా అందులో చెప్పడానికి కొత్త మాట మిగిలి ఉంది.

3. ఓపిక ఉంటే ఒక చిన్న ప్రయోగం

పెట్టెకు ఇది అవసరం లేదు. కానీ అరపూట పెడితే, మిగతా పని అంతా చేతికి అర్థమవుతుంది. అర మీటరు చదరం చెక్క చట్రం చేసి, ఒక మిల్లీమీటరు రాగి తీగలను సెంటీమీటరుకు ఒకటి చొప్పున ఒకే దిశలో, నిలువుగా బిగించండి. అడ్డ తీగలు వద్దు. పుల్లలాంటి యాంటెనా ఉన్న రౌటర్‌ను, యాంటెనా నిటారుగా ఉండేలా మూడు మీటర్ల దూరంలో పెట్టండి. చట్రం వెనక జానెడు దూరంలో ఫోను ఉంచి, సిగ్నల్‌ను డెసిబెల్‌లలో చూపే యాప్ తెరవండి. సంఖ్య రాసుకోండి. చట్రాన్ని పావు మలుపు తిప్పండి, ఇప్పుడు తీగలు అడ్డంగా ఉంటాయి. మళ్లీ రాసుకోండి.

తీగలు నిలువుగా ఉన్నప్పుడు సిగ్నల్ తగ్గుతుంది, అడ్డంగా ఉంటే దాదాపు తీగలే లేనట్టు వచ్చేస్తుంది. యాంటెనా నిలువుగా ఉంది కనుక విద్యుత్ క్షేత్రం నిలువుగా ఊగుతోంది. నిలువు తీగల్లో కరెంటు పైకీ కిందికీ పారడానికి దారి ఉంది. అడ్డ తీగల్లో దానికి పారే చోటే లేదు, తీగ మందమంత తప్ప. గోడల నుంచి ప్రతిఫలనాలు వచ్చి కలుస్తాయి కాబట్టి గదిలో తేడా లెక్కల్లో చెప్పినంత రాదు. ఆరుబయట చేస్తే స్పష్టంగా కనిపిస్తుంది. 1888లో జర్మన్ శాస్త్రవేత్త హైన్‌రిచ్ హెర్ట్జ్ సరిగ్గా ఇదే చేశాడు. రెండు మీటర్ల ఎత్తున్న చట్రం మీద మూడేసి సెంటీమీటర్ల దూరంలో 1 మిల్లీమీటరు రాగి తీగలు కట్టి, 66 సెంటీమీటర్ల తరంగాలను దానిమీద వదిలి, తిప్పి చూశాడు. కంటికి కనిపించని ఆ తరంగాలకు కాంతికి ఉన్నట్టే ధ్రువణం, అంటే ఒక నిర్దిష్ట దిశలో ఊగే గుణం, ఉందని ఆ తీగలు చెప్పాయి.

పెట్టెకు రెండు దిశల్లోనూ తీగలు ఎందుకు కావాలో ఇక వివరించనక్కరలేదు.

4. జాలీ ఎంపిక

కిటికీలకు వేసే దోమల జాలీ కన్ను ఇంచుమించు మనకు కావలసిన కొలతలోనే ఉంటుంది. అయితే వేర్వేరు రకాలు ఒకే రంగులో, ఒకే తీరులో కనిపిస్తాయి. గాజునార జాలీ అచ్చం లోహపు జాలీలా ఉంటుంది, తరంగాన్ని మాత్రం గాలి కంటే ఎక్కువేమీ ఆపదు. అల్యూమినియం జాలీకి తరచూ పైన రంగు పూత ఉంటుంది. దుకాణానికి మల్టీమీటర్ వెంట తీసుకెళ్లండి. రెండు కొనలను జాలీ మీద జానెడు దూరంలో ఆనించి నిరోధం చూడండి. ఒకే తీగ మీద కాదు, ఒక కొన నిలువు తీగ మీద, రెండోది అడ్డ తీగ మీద. ఓమ్‌లో చిన్న భాగం చూపిస్తే తీసుకోండి. మీటరు కదలకపోతే పూత గీకి మళ్లీ చూడండి. అప్పుడు కదిలితే తీగ లోహమే, కానీ తీగలు ఒకదానికొకటి తగలడం లేదు. అలాంటి జాలీని అతికించడం పెద్ద తలనొప్పి.

ఇత్తడి, రాగి జాలీలు ఖరీదైనవే, అయినా సోల్డర్ (టంకం) పట్టుకుంటాయి. ఈ ఒక్క గుణం కోసం నేను ఎప్పుడూ వాటివైపే మొగ్గుతాను. స్టెయిన్‌లెస్ స్టీలుకు ఆమ్లపు ఫ్లక్స్ (సోల్డర్ అంటేలా లోహాన్ని శుభ్రం చేసేది) కావాలి, పని చికాకు. అల్యూమినియానికి మామూలు సోల్డర్ అంటదు. రెండు లోహపు పట్టీల మధ్య నొక్కి మరలు బిగించాలి. అల్యూమినియాన్ని రాగితో కలపకండి, తేమ తగిలితే కలిసిన చోట అల్యూమినియం తినుకుపోతుంది.

తీగ లోహం మందం గురించి చింత వద్దు. 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రాగిలో కరెంటు పైపైన, మిల్లీమీటరులో వెయ్యో వంతు లోతులోనే పారుతుంది. ఏ తీగైనా దానికి సరిపడా మందంగానే ఉంటుంది. రెండో మెట్టులో తీగ లావు గురించి చెప్పింది వేరు, అది ఆకారానికి సంబంధించింది.

5. కత్తిరించడం, మడవడం

చేతులకు తోలు గ్లోవ్స్, కళ్లకు అద్దాలు తప్పనిసరి. కోసిన జాలీ అంచు నుంచి రాలే ముక్క సూదికంటే సన్నం, చర్మంలో దిగితే కనిపించదు. కత్తిరించే గీత వెంట ముందుగా మాస్కింగ్ టేపు అంటించి, టేపు మధ్యలోంచి కత్తెర నడిపించండి. అంచు పీచులు పీచులుగా విడిపోదు, ముక్కలు టేపుకే అంటుకుంటాయి. సోల్డర్ చేసే ముందు టేపు ఊడదీయండి.

చట్రానికి రెండు సెంటీమీటర్ల చదరపు చెక్క బద్దలు చాలు. జాలీ చట్రానికి బయటి వైపు రావాలి.

చాలామంది ఆరు ముఖాలకు ఆరు ముక్కలు కోసి మేకులతో కొడతారు. పన్నెండు అంచులూ పన్నెండు అతుకులు! ఎంత బాగా కొట్టినా మేకుకూ మేకుకూ మధ్య జాలీ ఉబ్బి, అక్కడ సందు మిగులుతుంది. సందు పొడవు సగం తరంగదైర్ఘ్యానికి చేరితే, అంటే వైఫైకి 6 సెంటీమీటర్లకు, అది సందుగా ఉండటం మానేసి యాంటెనాగా మారుతుంది. వెడల్పు ఎంత తక్కువైనా ఊరుకోదు. జాలీ ఉపరితలం మీద అడ్డంగా పారాల్సిన కరెంటు ఆ సందు చుట్టూ తిరిగి వెళ్లాల్సి వస్తుంది, ఆ తిరుగుడే సందుకు ఇరువైపులా వోల్టేజీని పుట్టిస్తుంది. సందు పొడవు తరంగదైర్ఘ్యంలో ఇరవయ్యో వంతు ఉంటే కవచం 20 డెసిబెల్‌ల దగ్గర ఆగిపోతుంది. వైఫైకి ఆ ఇరవయ్యో వంతు 6 మిల్లీమీటర్లు మాత్రమే. ఆరేసి మిల్లీమీటర్లకు ఒక మేకు కొట్టేవాడు ఎవడు?

కాబట్టి కోయకండి, మడవండి. అడుగు, నాలుగు పక్కలు ఒకే ముక్కలో రావాలంటే 100 సెంటీమీటర్ల పొడవు, 90 సెంటీమీటర్ల వెడల్పు కావాలి. పై అంచున మడత కోసం ప్రతి వైపు 3 సెంటీమీటర్లు కలుపుకోండి. జాలీ మధ్యలో చట్రాన్ని పెట్టి, నాలుగు వైపులా పైకి లేపండి. మూలల్లో మిగిలిన చదరాన్ని కత్తిరించి పారేయాలని చెయ్యి లాగుతుంది. ఆ పని చేయకండి. ఆకు దొప్ప మడిచినట్టు మూలను త్రికోణంగా నొక్కి, పక్క గోడ మీదికి తిప్పి కుట్టేయండి. ఇత్తడి తీగతో కుట్టినా సరే, రెండు మూడు చోట్ల సోల్డర్ చుక్క వేసినా సరే. ఒక్క అతుకూ లేని పెట్టె తయారైంది. మూలలు కొంచెం లావుగా కనిపిస్తాయి, అంతే.

జాలీ వెడల్పు చాలక రెండు ముక్కలు కలపాల్సి వస్తే, రెండు సెంటీమీటర్లు ఒకదానిమీద ఒకటి వచ్చేలా పరచి, మొదటి చివర నుంచి ఆఖరి చివర వరకు ఆపకుండా సోల్డర్ చేయండి. జాలీ వేడిని తొందరగా లాగేస్తుంది కనుక 60 వాట్లు, అంతకు పైబడిన సోల్డరింగ్ ఐరన్ వాడండి. పొగ పీల్చకండి.

6. మూత

పెట్టె మొత్తంలో ఎక్కువ సమయం పట్టేది ఇదే, పట్టనివ్వండి. కీళ్ల మూత వద్దు. చెప్పుల అట్టపెట్టెకు ఉండేలాంటి మూత చేయండి: పైభాగం, దాని చుట్టూ 5 సెంటీమీటర్లు కిందికి దిగే అంచు. జాలీ 51 సెంటీమీటర్లకు 41 సెంటీమీటర్లు ఉంటే సరిపోతుంది. మూలలు ఇక్కడా మడవడమే.

ఇప్పుడు మూత అంచు లోపలి వైపూ, పెట్టె పై అంచు బయటి వైపూ ఒకదానికొకటి అంతటా తగలాలి. జాలీకి జాలీ తగిలితే ఎత్తుపల్లాల మీద అక్కడక్కడా మాత్రమే తగులుతుంది. పాత కో-యాక్సియల్ కేబుల్ (మధ్య తీగ చుట్టూ లోహపు అల్లిక ఉండే కేబుల్) చర్మం ఒలిస్తే లోపల అల్లిన రాగి తొడుగు దొరుకుతుంది. దాన్ని బయటికి లాగి చూడండి, స్పాంజిలా నొక్కితే అణుగుతుంది, వదిలితే పొంగుతుంది. పెట్టె పై అంచు చుట్టూ ఒక వరస ఆ తొడుగును సోల్డర్ చేయండి. మూత పెట్టాక నాలుగు వైపులా క్లిప్పులు పెట్టి నొక్కితే, ఆ తొడుగు నలిగి ప్రతి సందులోకీ చొచ్చుకుపోతుంది. ఇదే పని చేసే లోహపు అల్లిక గాస్కెట్లు, స్ప్రింగు వేళ్ల పట్టీలు కూడా అమ్ముతారు. రాగి టేపు వాడాలనుకుంటే దాని జిగురు కరెంటును పోనిచ్చే రకమో కాదో కనుక్కోండి. మామూలు జిగురైతే టేపు అందంగా అంటుకుంటుంది, విద్యుత్తు పరంగా మాత్రం విడిగానే ఉంటుంది.

మైక్రోవేవ్ ఓవెన్ తలుపులో లోహానికి లోహం గట్టిగా తగలదే, అది ఎలా ఆపుతోంది అని ఎవరైనా అడగవచ్చు. దాని అంచులో పావు తరంగదైర్ఘ్యం లోతున్న గాడి ఉంటుంది. ఆ గాడి 2.45 గిగాహెర్ట్జ్‌కు మాత్రమే గోడలా పనిచేస్తుంది. అందుకే ఆపి ఉన్న ఓవెన్‌లో పెట్టిన ఫోను చాలాసార్లు మోగుతుంది. (ప్లగ్ తీసేశాకే ఈ సరదా. ఓవెన్‌ను విప్పి తలుపును సొంతంగా బాగుచేసే పని ఎప్పుడూ పెట్టుకోకండి.)

7. తీగలు లోపలికి పోవాలంటే

వీలైతే పోనివ్వకండి. లోపలి పరికరాన్ని బ్యాటరీతో నడపండి. జాలీలో చిన్న రంధ్రం చేసి ఛార్జర్ తీగ దూర్చారంటే అంత శ్రమా వృథా. బయట ఉన్న తీగ యాంటెనాలా తరంగాన్ని పట్టి, లోపల ఉన్న తీగ యాంటెనాలా దాన్ని వెదజల్లుతుంది. రంధ్రం ఎంత చిన్నదైనా తేడా ఉండదు.

తప్పనిసరైతే జాలీ గోడలో అరచేతి వెడల్పు ఇత్తడి రేకును చుట్టూ సోల్డర్ చేసి, సంకేతానికి ఆ రేకుకే బిగించే కో-యాక్సియల్ కనెక్టర్ వాడండి. కేబుల్ బయటి తొడుగు ఆ రేకుకు చుట్టూ పూర్తిగా తగలాలి. విద్యుత్ సరఫరాకు రేకులో మరలా బిగించే ఫీడ్‌త్రూ కెపాసిటర్లు ఉంటాయి; అవి సరఫరాను పోనిచ్చి, రేడియో తరంగాన్ని రేకులోకే మళ్లిస్తాయి. ఫెర్రైట్ పూసలు (తీగకు తొడిగే అయస్కాంత పదార్థపు గుళ్లు) కొంత సాయపడతాయి, వాటిమీదే ఆధారపడకండి.

అన్నిటికంటే ముచ్చటైన ఉపాయం గొట్టం. సెంటీమీటరు వ్యాసం ఉన్న లోహపు గొట్టంలోంచి 17 గిగాహెర్ట్జ్‌కు తక్కువైన తరంగం ప్రయాణించలేదు, మొదట్లోనే చచ్చిపోతుంది. వైఫైలాంటి చాలా తక్కువ పౌనఃపున్యాలకు గొట్టం వ్యాసమంత పొడవుకు సుమారు 32 డెసిబెల్‌లు చొప్పున తగ్గుతుంది. 3 సెంటీమీటర్ల పొడవున్న గొట్టం 90 డెసిబెల్‌లకు పైగా ఆపుతుంది. దాంట్లోంచి ఆప్టికల్ ఫైబర్ పంపండి, గాలి పంపండి, ఏ లోహమూ లేనిది ఏదైనా పంపండి. ఒక్క లోహపు తీగ దూర్చారా, గొట్టం ఆ గుణాన్ని పోగొట్టుకుంటుంది. ఎమ్మారై గదుల గోడల్లో ఇలాంటి గొట్టాలే ఉంటాయి.

8. ఎర్త్ చేయాలా?

రేడియో తరంగాల కోసం అక్కర్లేదు. విమానం ఎగురుతున్నప్పుడు దానికి ఎర్త్ ఎక్కడుంది? పిడుగు పడ్డా లోపలివాళ్లు క్షేమంగానే ఉంటారు. ఫారడే కూడా తన 12 అడుగుల ఘనాన్ని నేలకు తగలకుండా నిలబెట్టి, విద్యుత్ యంత్రంతో ఆవేశపరిచి, తాను లోపలికెళ్లి పరికరాలతో వెతికాడు. విద్యుత్ జాడ దొరకలేదు. పైగా, పొడవాటి ఎర్త్ తీగ ఈ పౌనఃపున్యాల్లో తానే యాంటెనా అవుతుంది.

ఇంటి విద్యుత్ సరఫరా పెట్టెలోకి వస్తుంటే మాత్రం ఎర్త్ తప్పదు. అది ప్రాణ రక్షణకు, కవచానికి కాదు.

9. పరీక్ష

ఫోను పెట్టి పిలిచి చూడటం అందరూ చేసేది, అన్నిటికంటే దండగమారి పరీక్ష కూడా అదే. సిగ్నల్‌ను డెసిబెల్‌లలో చూపే యాప్‌లో సంఖ్య ఎంత కిందికి పోతే సిగ్నల్ అంత బలహీనమని అర్థం. టవర్ దగ్గరున్న ఫోనుకు అది మైనస్ 50 దగ్గర ఉంటుంది. మైనస్ 110 దగ్గర కూడా అది ఎలాగోలా మోగగలదు. మధ్యలో 60 డెసిబెల్‌లు ఉన్నాయి. మీ పెట్టె 40 ఆపినా, అంటే పదివేల వంతుల్లో ఒక వంతే లోపలికి రానిచ్చినా, ఫోను మోగుతుంది, మీరు పెట్టెను తిట్టుకుంటారు. ఎఫ్ఎం రేడియో కూడా ఇంతే. సిగ్నల్ బాగా పడిపోయేదాకా పాట శుభ్రంగా వినిపిస్తూ, ఒక హద్దు దాటగానే ఒక్కసారిగా బుస్సుమంటుంది.

సంఖ్యలు కావాలి. లోపల ఒక ఫోనులో హాట్‌స్పాట్ పెట్టండి, 2.4 గిగాహెర్ట్జ్‌కు కుదించండి. బయట మూడు మీటర్ల దూరంలో మరో ఫోనులో సిగ్నల్ చూడండి. మూత లేకుండా ఒకసారి, మూతతో ఒకసారి. ఒక్క రీడింగు నమ్మకండి: గదిలో ఫోను నాలుగు వేళ్లు జరిగితేనే 10 డెసిబెల్‌లు మారిపోతుంది. పది చోట్ల తీసుకుని సగటు కట్టండి. లోపలి ఫోనును జాలీకి ఆనించి పెట్టకండి. అడుగున రెండంగుళాల స్పాంజి వేసి దానిమీద ఉంచండి. జాలీకి కొన్ని కళ్ల దూరంలోపు క్షేత్రం ఇంకా కుదురుకోదు, పైగా యాంటెనా జాలీతో నేరుగా జతకడుతుంది.

లెక్క 36 అంది, మీకు 20 వచ్చిందనుకోండి. జాలీ మార్చకండి. బయటి ఫోనును పెట్టె దగ్గరికి తెచ్చి, మూత అంచు వెంట నెమ్మదిగా నడిపించండి. ఒకచోట సంఖ్య ఎగిరి పడుతుంది. అక్కడ క్లిప్పు బిగించి చూడండి. నా రెండో పెట్టెలో ఆ చోటు ఒక మూల. తొడుగు మలుపు తిరిగేచోట నేను వేసిన సోల్డర్ గడ్డకట్టి, రెండు వైపులా మూతను కాస్త ఎత్తి పట్టుకుంది. ఆకురాయితో నాలుగు రుద్దులు రుద్దాక తగ్గింది.

అతుకులన్నీ బాగున్నా కొన్ని పౌనఃపున్యాల్లో మాత్రం కారుతుంటే, పెట్టె తానే గంటలా మోగుతోందన్నమాట. ఈ కొలతల పెట్టెకు మొదటి అనునాదం సుమారు 625 మెగాహెర్ట్జ్ దగ్గర వస్తుంది, ఆ పైన ఇంకా చాలా ఉంటాయి. అక్కడ లోపలికి జారిన కొద్దిపాటి శక్తి గోడల మధ్య పోగుపడుతుంది. ఒకటి రెండు గోడలకు లోపలి వైపున కార్బన్ కలిపిన నల్లని శోషక నురుగు అతికిస్తే నెమ్మదిస్తుంది.

ఇంకా ఎక్కువ కావాలంటే రెండో పొర వేయండి, కానీ మొదటి పొరకు అంటించకండి. నేను మొదట్లో చేసిన తప్పు అదే. రెండు పొరల మధ్య 3 సెంటీమీటర్ల ఖాళీ ఉంటే వైఫైకి బాగా పనిచేస్తుంది, అది పావు తరంగదైర్ఘ్యం. 6 సెంటీమీటర్ల దగ్గరికి పోతే రెండు గోడలూ కలిసి తరంగాన్ని దాటించే పరిస్థితి వస్తుంది, జాగ్రత్త.

ఈ పెట్టె ఆపలేనిదీ ఒకటుంది. లోపల దిక్సూచి పెట్టి బయట అయస్కాంతం తిప్పండి, ముల్లు హాయిగా తిరుగుతుంది. నిలకడగా ఉన్న అయస్కాంత క్షేత్రం ఇత్తడి తీగల్లో కరెంటును పుట్టించదు. ఇంటి కరెంటు 50 హెర్ట్జ్ దగ్గర పుట్టించినా అది నామమాత్రమే. ఆ పౌనఃపున్యానికి రాగిలోనే 9 మిల్లీమీటర్ల మందం కావాలి. ట్రాన్స్‌ఫార్మర్ చుట్టూ ఉండే అలాంటి అయస్కాంత క్షేత్రాన్ని ఆపాలంటే మ్యూమెటల్ లాంటి అయస్కాంత లోహపు రేకులు వెతుక్కోవాలి.

వాడుతున్న కొద్దీ మూత అంచు నల్లబడుతుంది. ఆరు నెలలకోసారి ఆ తొడుగునూ, అది తగిలే చోటునూ గరుకు నార పీచుతో రుద్ది, స్పిరిట్ గుడ్డతో తుడిచి, హాట్‌స్పాట్ పరీక్ష మళ్లీ చేయండి. మొదటి రోజు సంఖ్యలు పెట్టె అడుగునే ఒక చీటీ మీద రాసి అంటించి ఉంచితే పోల్చుకోవడం తేలిక.